ఇంటి మిషన్ మీద బొంత: ఏ మిషన్ అనే ముందు, మధ్యలో ఏం పెడతారో తేల్చుకోండి

"అక్కా, బొంత కుట్టడం నేర్చుకుందామనుకుంటున్నా, ఏ మిషన్ కొనాలి?" అని అడిగేవాళ్ళను నేను తిరిగి ఒకటే అడుగుతా: మధ్యలో ఏం పెడుతున్నావు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. వీడియోల్లో పైన కనిపించే రంగురంగుల ముక్కలు చూసి ముచ్చటపడతారు గానీ లోపల ఏముందో పట్టించుకోరు. బొంత ఎంత బరువుంటుంది, ఎంత వెచ్చగా ఉంటుంది, ఉతికాక ఎట్లా తయారవుతుంది, ఏ నంబర్ సూది వేయాలి, వరుసకు వరుసకు ఎంత ఎడం ఉండాలి, చివరికి మీ ఇంట్లో ఉన్న మిషన్ సరిపోతుందా లేదా, ఇవన్నీ తేల్చేది ఆ మధ్య పొరే. అందుకే ముందు దాని సంగతి, మిషన్ సంగతి తర్వాత.

పని మాత్రం చిన్నదే. పైన ముక్కలు అతికిన బట్ట, మధ్యలో నింపుడు, అడుగున ఒకే పెద్ద బట్ట. ఈ మూడింటినీ కదలకుండా పట్టి, పై నుంచి కింది దాకా కలిపి కుట్టడమే క్విల్టింగ్. పాత చీరల బొంతలు కప్పుకుని పెరిగినవాళ్ళకు ఇందులో కొత్తేమీ లేదు, చేత్తో చేసే పని మిషన్ కింద పెట్టడం ఒక్కటే కొత్త.

మధ్యలో ఏం పెట్టాలి

మొదటిసారి కుట్టేవాళ్ళకు నా ఓటు పాత నూలు చీరలకే. డబ్బులు ఖర్చు కావు, గాలి ఆడుతుంది, ఎన్నోసార్లు ఉతికిన బట్ట కాబట్టి ఇక కుంచించుకుపోదు, పలచగా ఉంటుంది కాబట్టి ఏ మిషన్ అయినా సునాయాసంగా కుడుతుంది. లెక్క కూడా బాగా కుదురుతుంది. చీర ఐదున్నర మీటర్లు, అంటే దాదాపు 216 అంగుళాలు. పసిపిల్లలకు 36 బై 45 అంగుళాల బొంత కుట్టాలంటే చుట్టూ రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచుకుని 40 బై 49 ముక్కలు కావాలి. ఒక్క చీరలో అట్లాంటివి నాలుగు వచ్చి, ఇంకో 20 అంగుళాలు మిగులుతుంది. మధ్యలో రెండు పొరలు పెడితే మన వాతావరణానికి సరిపోతుంది, చలికాలానికి కావాలంటే మూడు. అంతకు మించి వద్దు, ముక్కలు అతికిన చోట్ల బట్ట మందమెక్కి సూది మొరాయిస్తుంది.

చీర ఎంచుకునేటప్పుడు రెండు పరీక్షలు చేయండి. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి గట్టిగా లాగండి. చర్రుమని చిరిగితే ఆ భాగం పక్కన పెట్టేయాల్సిందే. కూర్చునే చోట, కుచ్చిళ్ళు దోపుకునే చోట బట్ట ఎక్కువ అరిగి ఉంటుంది, వెలుతురుకు పట్టుకుంటే తెలిసిపోతుంది. ఇక అది నిజంగా నూలేనా, పాలిస్టర్ కలిసిందా అని అనుమానం వస్తే అంచు నుంచి నాలుగు పోగులు తీసి, స్టీలు గిన్నెలో పెట్టి అగ్గిపుల్ల చూపించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూస కడుతుంది. పాలిస్టర్ చీర లోపల పెడితే పొరలు ఒకదాని మీద ఒకటి జారుతూ ఉంటాయి, ఎన్ని పిన్నీసులు పెట్టినా లొల్లి తప్పదు, పైగా ఉక్క.

చీరలు లేకపోతే పాత సోలాపూర్ దుప్పటి. దాదాపు ప్రతి ఇంట్లో ఒకటి మూలకు పడి ఉంటుంది. ఒక్క పొర చాలు, చదునుగా పరుచుకుంటుంది, జారదు. బరువు మాత్రం ఉంటుంది, అందుకని చిన్న పిల్లలకు కప్పడానికి కాకుండా కింద పరవడానికి, మంచం మీద వేయడానికి ఇది మేలు. దీనికి 16 నంబర్ సూది తప్పనిసరి.

పాలిస్టర్ షీటు అందరూ మొదట కొనేది. బ్యాగులు కుట్టేవాళ్ళకు సామాను అమ్మే షాపుల్లో, పరుపుల షాపుల్లో మీటరు లెక్కన దొరుకుతుంది, తేలిక, చూడ్డానికి బొద్దుగా ఉబ్బి ఫోటోలో మస్తు కనిపిస్తుంది. కొంటే 100 నుంచి 150 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో) మధ్యలో తీసుకోండి. 300 దాటితే ఇంటి మిషన్ ఫుట్ కిందికి అది దూరడమే కష్టం, దూరినా ముందుకు నడవదు. ఇంకో సంగతి, వేడి ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగి అట్ట కడుతుంది. ఎండాకాలం 45 డిగ్రీల దాకా పోయే నల్గొండలో పాలిస్టర్ నింపిన బొంత ఏడాదిలో ఎన్ని నెలలు కప్పుకుంటారో మీరే ఆలోచించుకోండి. గోడకు వేలాడదీసేదానికి, బ్యాగుకు, కుషన్ కవర్‌కు అయితే పాలిస్టరే నయం. లామినేషన్ చేసిన పలచటి ఫోమ్ షీటు కూడా అదే షాపులో చూపిస్తారు. అది బ్యాగులకు మాత్రమే, బొంతకు కాదు.

కాటన్ బ్యాటింగ్ అని షీటులా నొక్కి చేసిన దూది వస్తుంది. చీరల్లాగే గాలి ఆడుతుంది, చీరల కంటే మెత్తగా ఉంటుంది, మిషన్ కింద బుద్ధిగా నడుస్తుంది. అయితే మన ఊళ్ళలో షాపుల్లో అడిగితే తెల్లమొహం వేస్తారు, ఎక్కువగా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, ధర ఎక్కువ. మొదటి బొంత మీద అంత డబ్బు పెట్టొద్దు, చేయి కుదిరాక తెప్పించుకోండి. కొన్ని రకాలు మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుంటాయి. దానివల్ల బొంత మీద సన్నటి ముడతలు పడతాయి. నాకు ఆ ముడతలే ఇష్టం, ఇష్టం లేనివాళ్ళు ముందే తడిపి ఆరబెట్టుకోవాలి.

విడి దూది సంగతి వేరు. నల్గొండ, పాలమూరు రెండూ పత్తి పండే నేలలే, ఏకిన దూది దొరకడం కష్టమేమీ కాదు, "ఇంత దూది ఉండగా షీటు కొనడమేంటి" అని అత్తగార్లు అనడమూ సహజమే. కానీ అది మిషన్ పని కాదు. ఫుట్ తోసుకుంటూ పోతే దూది ముందుకు పోగుపడి గడ్డ కడుతుంది, నూగు పోయి షటిల్‌లో చేరుతుంది, ఉతికితే ముద్దవుతుంది. దూది బొంత కావాలంటే పెద్ద సూదితో చేతికుట్టే దారి. గొంగడి కూడా అంతే, మధ్యలో పెట్టాలనే ఆలోచనే వద్దు.

ఇప్పుడు మిషన్

మధ్యలో రెండు చీర పొరలు అనుకుంటే, ఇంట్లో ఉన్న, కాలితో తొక్కే పాత నల్ల మిషన్ చాలు. చాలు అంటే సర్దుకుపోవడం కాదు, కొన్ని విషయాల్లో అదే మెరుగు. దాని ప్లేటులో సూది దిగడానికి చిన్న గుండ్రటి రంధ్రమే ఉంటుంది, జిగ్‌జాగ్ మిషన్లలోలాగా వెడల్పాటి చీలిక ఉండదు, అందుకని ముక్క మూలలు లోపలికి పోయి నలగవు, కుట్టు గీత గీసినట్టు వస్తుంది. కాలితో తొక్కుతాం కాబట్టి ఒక్కొక్క కుట్టుగా ఆపుకోవచ్చు. ఫుట్ కడ్డీ పైన ఒక మర ఉంటుంది చూడండి, దాన్ని కొద్దిగా వదులు చేస్తే ఫుట్ బట్ట మీద అంత గట్టిగా నొక్కదు. బొంత కుట్టేటప్పుడు ఈ ఒక్క మర చేసే మేలు చాలామందికి తెలియదు. ఎందుకంటే కింది పొరను ప్లేటులోంచి పైకి వచ్చే పళ్ళు ముందుకు లాగుతుంటాయి, పై పొరను ఫుట్ నొక్కి పట్టి ఆపుతుంటుంది, ఈ పెనుగులాటలో పై బట్ట వెనకబడి వరుస చివర ముడత తేలుతుంది. ఒత్తిడి తగ్గిస్తే ఆ తేడా సగం తగ్గిపోతుంది.

నల్ల మిషన్‌తో లోటు ఎక్కడంటే, చాలావాటిలో పళ్ళు కిందికి దించే వీలుండదు, కాబట్టి బట్టను ఇష్టం వచ్చినట్టు తిప్పుతూ తీగలు, పువ్వులు కుట్టే పని దాని మీద కష్టం. దానికి మోటార్ పెట్టించుకుంటారు చాలామంది. పెట్టించుకోండి గానీ నేర్చుకునేటప్పుడు వద్దు, కాలు వదిలినా రెండు కుట్లు ముందుకు పోయే అలవాటు మోటార్‌ది.

కొత్తగా కొనేదే ఉంటే ఉషా జనోమ్, సింగర్, బ్రదర్ లాంటి ఎలక్ట్రిక్ ఇంటి మిషన్లలో ఏదైనా పర్వాలేదు, కానీ కుట్లు ఎన్ని రకాలు అని లెక్కపెట్టి కొనకండి. 20 రకాల కుట్లున్నా బొంతకు వాడేది ఒక్క సాదా కుట్టే. మీరు చూడాల్సినవి మూడు: పళ్ళు దించే మీట ఉందా, ఫుట్ ఒత్తిడి తగ్గించుకోవచ్చా, వాకింగ్ ఫుట్ సరిపోతుందా. వాకింగ్ ఫుట్ అంటే పైన కూడా పళ్ళున్న ఫుట్, పై బట్టనూ కింది బట్టనూ ఒకే వేగంతో నడిపిస్తుంది. విడిగా కొనుక్కోవచ్చు. దాని పక్కనున్న కొక్కెం సూది మర మీద సరిగ్గా కూర్చోవాలి, కాబట్టి వీలైతే మిషన్ మీద బిగించి చూసుకునే కొనండి. మధ్యలో పాలిస్టర్ గానీ బ్యాటింగ్ గానీ పెట్టేవాళ్ళకు ఇది దాదాపు తప్పనిసరి, చీరల బొంతకు ఉంటే మంచిదే, లేకపోతే పనేమీ ఆగదు.

మహిళా సంఘంలో స్కూల్ యూనిఫామ్‌లు కుట్టే అక్కల దగ్గర, బొటిక్ నడిపేవాళ్ళ దగ్గర జూకీలు (ఫ్యాక్టరీల్లో వాడే రకం మిషన్లు) చూసి అదే కావాలనేవాళ్ళూ ఉన్నారు. దానికి సూదికీ మిషన్ ఒంటికీ మధ్య జాగా ఎక్కువ, మోకాలితో ఫుట్ ఎత్తొచ్చు, రెండు చేతులూ బట్ట మీదే ఉంటాయి. పెద్ద బొంతలకు ఇవి నిజంగా సుఖం. కానీ వేగం! నిమిషానికి వేల కుట్లు వేసే మిషన్ మీద పావు అంగుళం వార (కుట్టుకూ బట్ట అంచుకూ మధ్య వదిలే జాగా) తప్పకుండా నేర్చుకోవడం అంటే టెన్షన్‌తోనే సగం రోజు గడిచిపోతుంది. ఇంట్లో ఇప్పటికే జూకీ ఉండి, దానికి వేగం తగ్గించుకునే సర్వో మోటార్ ఉంటే వాడండి. బొంత కోసమని కొనకండి. ఇక అరచేతిలో పట్టే బుల్లి బ్యాటరీ మిషన్లు ఎంత చవకైనా దండగ, మూడు పొరలు చూస్తేనే ఆగిపోతాయి.

సూది సంగతి ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే మిషన్ బాలేదని తిట్టుకునేవాళ్ళలో చాలామందికి అసలు తేడా సూదిలోనే ఉంటుంది. ముక్కలు అతకడానికి 14 నంబర్, పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు చీరలు నింపితే 14 లేదా 16. నంబర్ ఒక్కటే చెప్పి కొనకండి. ఇంటి మిషన్ సూదికి పైన మొదట్లో ఒక పక్క చదునుగా ఉంటుంది, జూకీ సూది మొదలు అంతా గుండ్రంగా ఉంటుంది, ఒకదాని బదులు ఒకటి పెడితే కుట్లు తప్పిపోతాయి. మీ మిషన్‌లో ఉన్న పాత సూది తీసి కాగితంలో చుట్టి షాపుకు పట్టుకెళ్ళి అలాంటిదే ఇమ్మనండి. ఎనిమిది గంటల పాటు కుట్టాక సూది మార్చడం మంచిది. బట్టలో దిగేటప్పుడు టక్కుటక్కుమని చప్పుడొస్తే అంతకంటే ముందే మార్చాలి. అడుగున దారం గుత్తులుగా వస్తే మాత్రం బాబిన్‌ను విప్పి ఆగం చేయకండి. పై దారం టెన్షన్ రేకుల మధ్య కూర్చోలేదన్నమాట. ఫుట్ పైకెత్తి పెట్టి దారం మొదటి నుంచి మళ్ళీ ఎక్కించండి, పదింట తొమ్మిది సార్లు దాంతోనే సర్దుకుంటుంది.

పైన ఏ బట్ట

నల్గొండ ప్రకాశం బజార్‌లోనో, పాలమూరు క్లాక్ టవర్ దగ్గరో బట్టల షాపుకు పోతే ముందు కళ్ళు పడేది రంగుల మీద. కానీ చేత్తో తడిమి చూడాల్సింది నేత. కొత్తవాళ్ళకు పాప్లిన్‌ను మించింది లేదు. నేత దగ్గరగా ఉంటుంది, సాగదు, ఇస్త్రీ మాట వింటుంది, పోగులు అంతగా ఊడవు. బ్లౌజులకు వాడే టూ బై టూ కూడా నూలే గానీ పలచన, వెనక మడిచిన కుట్టు అంచులు ముందుకు కనిపిస్తాయి, లేత రంగు అయితే మరీ. లినెన్, జార్జెట్, సాటిన్ జోలికి ఇప్పుడే పోవద్దు. కొత్త బట్ట ఏదైనా ముందు తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి.

అసలు ఊరించేది మాత్రం మన చేనేత. పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి, నారాయణపేట, గద్వాల వాటి వాటి పేర్ల జిల్లాల్లోకి పోయినా, పాత నల్గొండ, పాత పాలమూరు వాళ్ళకు అవి మనవే. ఏది బొంతకు పనికొస్తుందో, ఏది రాదో చెప్తా.

పోచంపల్లి నూలు ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ దాదాపు ఒకేలా ఉంటుంది, ఏది ముందు వైపు, ఏది తిరగ వైపు అని వెతుక్కునే పని లేదు. అందానికి తిరుగులేదు. కానీ చేనేత కాబట్టి పోగు కొంచెం వదులు, కత్తిరించిన అంచు ఊడుతూ ఉంటుంది. దీనికి పావు అంగుళం వార చాలదు, అర అంగుళం వదలండి, లెక్క ముందే మార్చుకోండి. ఇంకోటి, ఇక్కత్‌ను చిన్న చిన్న ముక్కలు చేస్తే ఆ డిజైన్‌లోని పొగమంచు అంచులు ఎక్కడా పూర్తిగా కనిపించక గజిబిజిగా తయారవుతుంది. 10 అంగుళాల పెద్ద చదరాలు కోసి, పక్కన సాదా రంగు పాప్లిన్ పెడితే దాని అందం దానికి ఉంటుంది. ముదురు ఎరుపు, నలుపు రంగులు కొత్తలో దిగొచ్చు. తెల్ల గుడ్డ తడిపి ఒక మూల రుద్ది చూడండి, రంగు అంటితే గుడ్డకు ఏమీ అంటనంత వరకు విడిగా ఉతుకుతూ పోవాలి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు ఆగిపోతుందనే మాటను మాత్రం నమ్ముకోకండి.

గద్వాల చీర ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. పాతబడ్డాక ఒళ్ళు బొంతకు బంగారం. జరీ అంచు మాత్రం విడిగా తీసి పెట్టుకోండి, జరీ మీద వేడి ఇస్త్రీ పనికిరాదు, అది మెడ దగ్గర గీసుకుంటే పిల్లలు కప్పుకోరు. కుషన్ కవర్ మధ్యలో పట్టీలా వేస్తే దాని దర్జా పోదు. నారాయణపేట నూలు చీరల్లో గళ్ళవి దొరికితే కొత్తవాళ్ళకు వరం లాంటివి, ఎందుకంటే కత్తిరించడానికీ కుట్టడానికీ గీత బట్టలోనే ఉంది, స్కేలు, చాక్‌పీసు పక్కన పెట్టేయొచ్చు. బొంత అడుగు బట్టకు కూడా గళ్ళది వేసి, గళ్ళ వెంబడి తిరగ వైపు నుంచి కుట్టే చిట్కా ఉంది.

కటింగ్ సామాను గురించి ఎక్కువ చెప్పను. రోటరీ కట్టర్, దాని కింద మ్యాట్, పారదర్శక స్కేలు ఉంటే పని వేగం పెరుగుతుంది. లేకపోతే పదునైన కత్తెర, 5 అంగుళాల చదరంగా కోసిన గట్టి పెళ్ళిపత్రిక అట్ట చాలు. అట్ట అంచులు అరిగితే కొత్తది కోసుకోండి, మన ఊళ్ళల్లో పెళ్ళిపత్రికలకు కరువా!

ఎంత సైజు, ఏ పద్ధతి

డబుల్ బెడ్ బొంతతో మొదలుపెడతా అనేవాళ్ళను ఆపడం నా వల్ల కాదు గానీ ఒక్క కొలత చూడమంటా. ఇంటి మిషన్‌కు సూది నుంచి కుడి పక్క ఒంటి దాకా ఉండే జాగా ఆరేడు అంగుళాలు. 90 అంగుళాల వెడల్పు బొంత మధ్య వరుస కుట్టాలంటే 45 అంగుళాల బొంతను చుట్టచుట్టి ఆ ఆరేడు అంగుళాల్లోంచి దూర్చాలి. 36 బై 45 అయితే దూర్చాల్సింది 18 అంగుళాలే. పెద్దదే కావాలంటే ఇంకో దారి ఉంది: ఒక్కో చదరాన్ని మూడు పొరలతో విడివిడిగా కుట్టి పూర్తి చేసుకుని, చివర్లో వాటిని పట్టీలతో జోడించడం. పని ఎక్కువ, కానీ మిషన్ కింద ఎప్పుడూ చిన్న ముక్కే ఉంటుంది. చిన్న ఇళ్ళలో పెద్ద బొంత పరిచే జాగా లేనివాళ్ళకు కూడా ఇదే సుఖం.

చిన్న బొంత లెక్క ఇది. 5 అంగుళాల చదరాలు, వార పావు అంగుళం పోగా నాలుగున్నర అంగుళాలు అవుతాయి. అడ్డంగా 8, నిలువుగా 10, మొత్తం 80. 44 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) పాప్లిన్‌లో 5 అంగుళాల వెడల్పు పట్టీ కోస్తే 8 చదరాలు వస్తాయి. ఐదు రంగులు తీసుకుంటే ఒక్కోదానిలో రెండు పట్టీలు, అంటే రంగుకు 10 అంగుళాలే. షాపులో అంత తక్కువ కోయరు, అర మీటరు చొప్పున తీసుకోండి, మిగిలింది అంచు పట్టీకి పనికొస్తుంది. అడుగు బట్టకు మీటరున్నర. 36 పన్నా బట్ట ఇస్తే పట్టీకి 7 చదరాలే వస్తాయి, అడుగు బట్టకు అతుకు పడుతుంది, కాబట్టి షాపులో మొదట పన్నా అడగండి.

పావు అంగుళం వార కుదిరిందో లేదో తెలుసుకోవడానికి 80 ముక్కలు పాడు చేసుకోనక్కర్లేదు. అంగుళంన్నర వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన అతికి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీని కొలవండి. సరిగ్గా ఒక అంగుళం ఉండాలి. తక్కువుంటే వార ఎక్కువ పోతున్నట్టు. సూది నుంచి పావు అంగుళం దూరంలో మిషన్ ప్లేటు మీద రంగు టేపు అతికించి బట్ట అంచును దాని వెంట నడపండి. నూలుపోగంత తేడానే కదా అనిపిస్తుంది గానీ, కుట్టుకు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోతే రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు, అడ్డంగా ఏడు అతుకులు కాబట్టి వరుస చివరికి దాదాపు అంగుళం మాయం. కుట్టిన వరుసల వెనక అంచుల్ని ఒక వరుసలో కుడికి, తర్వాతి వరుసలో ఎడమకు తిప్పి ఇస్త్రీ చేస్తే, రెండు వరుసలు కలిపేటప్పుడు మూలలు ఒకదానికొకటి ఆనుకుని వాటంతటవే కుదురుతాయి. పెట్టెను బట్ట మీద రుద్దొద్దు, పెట్టి ఎత్తాలి, రుద్దితే చదరం సాగుతుంది.

పొరలు కలిపే ముందు అడుగు బట్టను తిరగ వైపు పైకి ఉండేట్టు బండ మీద పరిచి, నాలుగు పక్కలా టేపుతో నేలకు అతికించండి. బిగుతుగా ఉండాలి, సాగకూడదు. దాని మీద చీర పొరలు, ఆ పైన ముక్కల బట్ట. మధ్యలోంచి మొదలుపెట్టి జానకొకటి కంటే దగ్గరగా పిన్నీసులు పెట్టండి. పిన్నీసులా, కచ్చా కుట్టా అంటే చీరల బొంతకు పిన్నీసులు చాలు. పాలిస్టర్ షీటుకు కచ్చా కుట్టు కూడా వేస్తే నిశ్చింత.

ఇక కలిపి కుట్టే పద్ధతి. అతుకు గాడిలోనే కుట్టడం అందరూ మొదట చెప్పే పద్ధతి, నేను మాత్రం కొత్తవాళ్ళకు చెప్పను. గాడిలోంచి కుట్టు ఒక్క పోగు పక్కకు తప్పినా కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాని బదులు అతుకుకు అర అంగుళం పక్కన, సమాంతరంగా పోండి, కొద్దిగా వంకర పోయినా ఎవరికీ తెలియదు. మన ఊళ్ళ చేతి బొంతల్లో అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకొచ్చేవి చూసే ఉంటారు. మిషన్ మీద అట్లా చేయకూడదు. చేతి సూది బట్టను తోయదు, మిషన్ ఫుట్ తోస్తుంది. అంచు నుంచి లోపలికి వస్తే తోసిన బట్టంతా మధ్యలో చేరి, చివరికి పోవడానికి చోటు లేక బుడగలా లేస్తుంది. నడిమి వరుస ముందు, ఆ తర్వాత ఒక పక్కకు, మళ్ళీ తిప్పి ఇంకో పక్కకు. వరుసలన్నీ ఒకే దిక్కుగా కుట్టండి. ఒకటి పై నుంచి, ఒకటి కింది నుంచి కుడితే ముక్కలు ఏటవాలుగా లాగుకుపోతాయి. కుట్టు పొడవు అతుకులకు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు, పొరలు కలిపేటప్పుడు మూడు నుంచి మూడున్నర. చీర పొరలకు వరుస వరుసకు మూడు నాలుగు అంగుళాల ఎడం సరిపోతుంది.

తీగలు, మెలికలు కుట్టాలని ఉంటే ఎలక్ట్రిక్ మిషన్‌లో పళ్ళు దించి, డార్నింగ్ ఫుట్ పెట్టి, ముందు పనికిరాని మూడు పొరల ముక్క మీద మీ పేరు రాయడం నేర్చుకోండి. పేరు చదివేటట్టు వచ్చేదాకా బొంత మీద చేయొద్దు. మిషన్ మీద పొరలు కలపడం అసలు ఇష్టం లేనివాళ్ళు, నాలుగంగుళాలకు ఒకచోట మందమైన నూలుదారంతో గట్టి ముడి వేస్తే కూడా బొంత నిలబడుతుంది. పాలిస్టర్ షీటు ఉబ్బుగా ఉండాలంటే ముడులే మేలు.

నేర్చుకోవడానికి టైలరింగ్ సెంటర్‌లో చేరాలా అంటే, మిషన్ అసలు తొక్కడం రానివాళ్ళు చేరండి, కాలూ చేయీ కుదురుతాయి. మిషన్ వచ్చినవాళ్ళకు బ్లౌజు కోర్సు వల్ల బొంతకు ఒరిగేదేమీ లేదు. వీడియోలు చాలు, హిందీవైనా ఇంగ్లీషువైనా కొలతలు ఎక్కువగా అంగుళాల్లోనే చెప్తారు.

అంచు కట్టడానికి రెండున్నర అంగుళాల పట్టీలు ఐదు, నిలువుగా రెండు మడతలు పెట్టి వాడండి. అంచులు నిటారుగా ఉన్న బొంతకు క్రాస్ పట్టీ అవసరం లేదు, నేరుగా కోసిందే చాలు, బట్ట కూడా కలిసొస్తుంది. ముందు వైపు మిషన్ మీద కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేస్తే అందం. పిల్లల బొంత వారం వారం ఉతికేదే కాబట్టి రెండు వైపులా మిషన్ కుట్టే గట్టి. తడిసిన బొంత బరువు ఎక్కువ, దాన్ని తీగ మీద ఒకే మడతగా వేలాడదీస్తే ఆ గీత వెంట కుట్లు సాగుతాయి. నులకమంచం మీద పరిచి, తిరగ వైపు ఎండకు పెట్టి ఆరేయండి.